గూటం, తాడు, గిరి: వేములఘాట్ నేల మీద వృత్తపాఠం

సిద్దిపేట జిల్లా తొగుట మండలంలోని వేములఘాట్ ఇప్పుడు మల్లన్నసాగర్ జలాశయం అడుగున ఉంది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా 50 టీఎంసీల సామర్థ్యంతో తలపెట్టిన ఈ జలాశయం కింద ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, రాంపూర్, లక్ష్మాపూర్ మొదలైన పల్లెలతో పాటు ఆ ఊరు కూడా ముంపు జాబితాలోకి చేరగా, 2016 జూన్‌లో అక్కడివారు మొదలుపెట్టిన రిలే నిరాహార దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. చివరికి 2021లో ఊరు ఖాళీ అయింది, 2022 ఫిబ్రవరి 23న జలాశయాన్ని ప్రారంభించారు. ఆ పోరాటం గురించీ పరిహారం గురించీ చాలామంది రాశారు, ఇంకా రాయవలసిందీ ఉంది. ఈ వ్యాసం పట్టించుకునేది అంతకంటే చిన్న విషయం: వృత్తం అనే గణిత రూపాన్నీ దాని భాగాలనూ పిల్లలు చేత్తో గీసి, కాళ్లతో చుట్టి, పనిముట్లలో పోల్చుకొని నేర్చుకోవడానికి ఈ ప్రాంతపు పల్లె జీవితం ఇచ్చిన వసతి ఎటువంటిది, అది ఏ వరుసలో చెదిరిపోయింది అన్నది. నీళ్లు రాకముందే అందులో సగానికి పైగా పోయిందన్నది ఇక్కడి వాదన.

పల్లె బడి ఆవరణలో వృత్తం గీయడానికి కావలసినవి ఒక చెక్క గూటం, మూరెడో బారెడో సుతిలి తాడు, మొన ఉన్న పుల్ల. గూటం దిగ్గొట్టిన చోటు వృత్తకేంద్రం. గూటం నుంచి పుల్ల దాకా బిగిసి ఉన్న తాడు పొడవు వ్యాసార్ధం. పుల్ల నేలను గీసుకుంటూ పోయి బయలుదేరిన చోటికే చేరినప్పుడు ఏర్పడే గీత పొడవు పరిధి. గీత మీద ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు పిల్లలు కేంద్రం మీదుగా తాడు పట్టుకుంటే అది వ్యాసం, అంటే వ్యాసార్ధానికి రెట్టింపు. అదే ఇద్దరిలో ఒకరు గీత మీదే కొంచెం పక్కకు జరిగితే తాడు కేంద్రాన్ని వదిలేస్తుంది. అప్పుడు దాన్ని జ్యా అంటారు, ఆ ఇద్దరి నడుమ గీతలో పడిన వంపు ముక్కను చాపం అంటారు, తాడుకూ వంపుకూ మధ్య చిక్కిన నేలను వృత్తఖండం అంటారు. కేంద్రం నుంచి రెండు తాళ్లు చాచి వాటి నడుమ పడిన నేలను చూపిస్తే అది త్రిజ్యాంతరం, బడి వాడుకలో సెక్టరు. పుస్తకంలో ఒకే బొమ్మ చుట్టూ బాణం గుర్తులతో అచ్చయ్యే ఈ పేర్లన్నీ ఆవరణలో మాత్రం ఒకదాని నుంచి మరొకటి పుడతాయి. జ్యాను జరుపుకుంటూ కేంద్రం దాకా తెస్తే అదే వ్యాసమవుతుందనీ, జ్యాలన్నింటిలో వ్యాసమే పెద్దదనీ తాడు చాలకపోవడమే చెబుతుంది.

ఈ పనిలో కొత్త చేతులు తప్పకుండా తడబడే చోటు ఒకటుంది. తాడును గూటానికి బిగించి ముడివేస్తే, పుల్ల పట్టినవాడు తిరిగేకొద్దీ తాడు గూటానికి చుట్టుకుంటూ పొట్టిదవుతుంది. గూటం మందం 3 సెంటీమీటర్లయితే ఒక్క చుట్టులో 9 సెంటీమీటర్లకు పైగా తాడు దానికే సరిపోతుంది. గీత మొదలైన చోటికి రాకుండా నత్తగుల్ల మీది మెలికలా లోపలికి జారుకుంటుంది. ముడి విప్పి, గూటం చుట్టూ వదులుగా తిరిగే ఉచ్చు వేస్తే గీత కలుస్తుంది. కేంద్రం నుంచి సమాన దూరంలో ఉండే బిందువుల సముదాయమే వృత్తం అన్న నిర్వచనంలో ‘సమాన’ అన్న మాటకు ఎంత బరువుందో పిల్లలకు తెలిసేది, నిజానికి, ఇలా గీత చెడినప్పుడే. వృత్తలేఖినితో, అంటే పల్లెల్లో కంపాసు అని పిలిచే పరికరంతో గీసే వృత్తం దాదాపు ఎప్పుడూ సరిగానే వస్తుంది కనుక ఆ నిర్వచనానికి పరీక్ష పెట్టే అవకాశం అక్కడ తక్కువ. మర జారితే కాగితం చిరగడం తప్ప అది నేర్పేదేమీ లేదు.

పరిధిని కొలిచే పని ఇంకా రుచికరమైనది. వ్యాసమంత పొడవు తాడును గీత వంపు వెంట పరుచుకుంటూ పోతే మూడుసార్లు పట్టి, ఇంకా కొంత గీత మిగిలిపోతుంది. వృత్తం అడ్డంగా ఒక మీటరు ఉంటే ఆ మిగులు 14 సెంటీమీటర్లు, అంటే సుమారు రెండు బెత్తెలు. గిరి, అంటే నేల మీద గీసిన గుండ్రం, పెద్దదైనా చిన్నదైనా మిగులు వ్యాసంలో ఏడో వంతుకు దగ్గరగానే వస్తుంది. బడిలో 22/7 అని బట్టీ పట్టించే సంఖ్య పుట్టుక ఇదే. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం 20,000 వ్యాసానికి 62,832 పరిధి అని చెప్పి, అది ఉజ్జాయింపు మాత్రమేనని కూడా జోడించింది. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు స్థూలమైన లెక్కకు 3నూ, సూక్ష్మమైన దానికి 10 వర్గమూలాన్నీ వాడాడు. ఆయన గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు కనుక తెలుగులో వృత్తం లెక్కకు వెయ్యేళ్ల చరిత్ర ఉందనవచ్చు. అయితే ఆ చరిత్ర పల్లెలోని పాలేరు పిల్లవాడికి ఎన్నడూ అందలేదు. అతనికి అందినది కల్లం.

కల్లం అంటే కోసిన పంటను నూర్చే చోటు. చేను పక్కన గట్టి నేలను చదును చేసి, పేడతో అలికి, నడుమ ఒక గుంజ పాతుతారు; దాన్ని మేటి అంటారు. పశువులను పక్కపక్కన వరుసగా కట్టి మేటి చుట్టూ తిప్పుతూ పంటను తొక్కించేవారు. ఆ వరుసకు బంతి అని పేరు. తాడును మేటికి బిగించి కడితే అది చుట్టుకుపోయి పశువులు నడుమకు లాక్కుపోతాయి కనుక, గుంజ చుట్టూ తేలికగా తిరిగే ఉచ్చు వేయడం రైతుకు కొత్త కాదు. బడి ఆవరణలో పిల్లలు తప్పు చేసి దిద్దుకునే ముడి ఇదే. అంతకంటే గమనించదగినది పశువులను నిలిపే వరుస. ముసలిదాన్నో మందకొడిదాన్నో మేటి పక్కన కట్టి, చురుకైన దాన్ని బయటి కొసకు కట్టేవారు. మేటికి ఒక మీటరు దూరంలో నడిచే ఎద్దు ఒక చుట్టుకు 6 మీటర్ల పైచిలుకు నడిస్తే, 3 మీటర్ల దూరంలోనిది అదే సమయంలో దాదాపు 19 మీటర్లు నడవాలి. వ్యాసార్ధం మూడింతలైతే పరిధీ మూడింతలవుతుందన్న నియమాన్ని ఆ రైతు సూత్రంగా చెప్పలేకపోవచ్చు, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోకుండా బంతి కట్టేవాడు కాదు. పశువుల వెనక చెర్నాకోల పట్టుకొని తిరగడం తరచుగా పిల్లల పని. కోతల కాలంలో బడి హాజరు పలచబడడానికి ఇదీ ఒక కారణమే. గణితాన్ని కాళ్లతో నేర్చుకునే చోటే గణితం చెప్పే బడి నుంచి పిల్లలను లాక్కుపోయిందన్న చేదు నిజాన్ని, పాత రోజులను తలచుకునేవారు సాధారణంగా వదిలేస్తారు.

వృత్తం భాగాలు విడివిడిగా కంటికి కనిపించే వస్తువు ఎద్దుబండి చక్రం. నడుమ తొలిచిన మొద్దు, అందులోంచి ఇరుసు; మొద్దు నుంచి బయటికి చాచిన ఆకులు, అంటే వ్యాసార్ధాలు; ఆకుల చివర్లను కలుపుతూ వంచి చెక్కిన చెక్కలు, అంటే చాపాలు; అన్నిటినీ బిగించే ఇనుప పట్టా, అంటే పరిధి. ఆరు వంపు చెక్కలు, ఒక్కో చెక్కకు రెండు చొప్పున పన్నెండు ఆకులు ఉన్న చక్రాన్ని వడ్రంగి పని చేసేవారు ఎందుకు సులువుగా గుర్తులు పెట్టగలరో ఒక చిన్న ప్రయోగం చెబుతుంది. వ్యాసార్ధమంత పొడవు తాడును బిగించి పట్టుకొని, పరిధి మీద ఒక గుర్తు నుంచి మరో గుర్తుకు తిన్నగా వేసుకుంటూ పోతే ఆరోసారి కచ్చితంగా మొదటి గుర్తుకే చేరుతుంది. అదే తాడును తిన్నగా కాక గీత వంపు వెంట పరిస్తే ఆరుసార్లు పట్టి ఇంకా పావు తాడుకు పైగా జాగా మిగిలిపోతుంది. మొదటిది జ్యాతో కొలిచిన కొలత, రెండోది చాపంతో కొలిచినది. ఈ రెండింటి తేడా పై తరగతుల దాకా పిల్లలను తికమక పెట్టేదే. నేల మీద మాత్రం పది నిమిషాల పని.

పట్టా వేయడం కమ్మరి పని. ఇనుప పట్టాను చక్రపు చుట్టుకొలత కంటే రవ్వంత తక్కువగా వంచి అతికి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో పట్టి చెక్క మీద దింపి, వెంటనే నీళ్లు పోసేవారు. ఒకటిన్నర మీటర్ల వ్యాసం ఉన్న చక్రానికి పట్టా పొడవు దాదాపు 4.7 మీటర్లు, అది 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 సెంటీమీటర్లు సాగుతుంది, చల్లారాక అంతే బిగుస్తుంది. ఆకులు మొద్దులోకి దిగి కిర్రుమనే ఆ చప్పుడు కోసం పిల్లలు మంట చుట్టూ మూగేవారు. పొగలో కళ్లు నలుపుకుంటూ నిలబడ్డ పిల్లలకు పరిధి అంటే ఊహలోని గీత కాదు, పట్టకార్లతో పట్టుకోగల వస్తువు.

మోటబావి గిలక మీద తాడు కదలిక, చేనేత ఇళ్లలో రాట్నం తిరుగుడు కూడా ఈ కోవలోనివే. గిలక ఒక చుట్టు తిరిగితే దాని పరిధి అంత తాడు ముందుకు వస్తుంది. పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే చిన్న కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది. గొల్లభామ చీరలకు పేరుపొందిన సిద్దిపేట, పక్కనున్న దుబ్బాక వంటి చోట్ల నేతవారి పిల్లలకు ఈ రెండో సంగతి ప్రత్యేకంగా చెప్పనవసరం ఉండేది కాదు. కుమ్మరి సారె మీద మట్టిముద్ద సరిగ్గా నడుమ కూర్చోకపోతే కుండ గోడ ఒక పక్క పలచబడుతుందన్నదీ ఇటువంటిదే.

జ్యా, చాపం అన్న పేర్లు వింటి నుంచి వచ్చినవి. వింటికి బిగించిన నారి జ్యా, వంగిన విల్లు చాపం. నిజాం కాలపు హైదరాబాద్ రాజ్యంలో సర్కారు ఉన్నత పాఠశాలల్లో చదువు ఉర్దూలో సాగేది కనుక, 1948కి ముందు మెదక్ జిల్లా ప్రాంతంలో పై తరగతులకు వెళ్లిన కొద్దిమంది వీటిని వతర్, ఖౌస్ అని, వృత్తాన్ని దాయిరా అని, కేంద్రాన్ని మర్కజ్ అని చదువుకున్నారు. చూడబోతే అరబీ నుంచి ఉర్దూకు వచ్చిన ఆ వతర్, ఖౌస్ కూడా నారీ విల్లూ అన్నవే. పుల్లా తాడుతో నేల మీద వృత్తం గీసే పద్ధతి ఇంకా పాతది. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాలలో గూటం, తాడు రెండూ పరికరాలే. శుల్బం అంటేనే తాడు. కాత్యాయన శుల్బసూత్రంలో చెప్పిన దిక్సాధన పద్ధతి జ్యాను పరిచయం చేయడానికి ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది. చదునైన నేలలో ఒక కర్రను నిటారుగా పాతి, దాని చుట్టూ వృత్తం గీయాలి. పొద్దున కర్ర నీడ పడమటి వైపు పొడవుగా సాగి, క్రమంగా కురచబడుతూ ఒక క్షణంలో నీడ కొన వృత్తరేఖను తాకి లోపలికి వస్తుంది. మధ్యాహ్నం తర్వాత మళ్లీ పెరుగుతూ తూర్పు వైపు అదే వృత్తాన్ని దాటుతుంది. ఆ రెండు చోట్లా గుర్తులు పెట్టి కలిపిన జ్యా తూర్పు పడమరలను చూపిస్తుంది. కేంద్రం నుంచి ఆ జ్యా నడిమికి గీసిన గీత ఉత్తర దక్షిణాలను చూపిస్తుంది. కేంద్రం నుంచి జ్యాకు గీసిన లంబం జ్యాను సమద్విఖండన చేస్తుంది, అంటే సరిగ్గా రెండు సగాలు చేస్తుంది అని తొమ్మిదో తరగతిలో నిరూపించే సిద్ధాంతం ఇక్కడ దిక్కులు చెప్పే పనిముట్టు అవుతుంది. ఖర్చు ఒక పగటి ఎండ.

ఆటల్లోనూ పండుగల్లోనూ వృత్తం ఆడపిల్లల చేతుల్లో ఒక తీరుగా, మగపిల్లల చేతుల్లో మరో తీరుగా ఉండేది. బొంగరాలాటకు, గోలీలాటకు మగపిల్లలు గీసే గిరికి గూటం కూడా అక్కర్లేదు. ఒక కాలి మడమను నేలలో అదిమి, రెండో కాలి బొటనవేలితో గీసుకుంటూ ఒళ్లంతా తిప్పేవారు. ఆడపిల్లలకు ఒప్పులకుప్ప ఉంది: ఇద్దరు చేతులు పెనవేసి, పాదాలు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి గిరగిరా తిరుగుతారు, చేతులు సాచితే చుట్టు పెద్దది, ముడిస్తే చిన్నది. బతుకమ్మ పేర్చడం మాత్రం అన్నిటికంటే నేర్పు అడిగే పని. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, గునుగు, తంగేడు, బంతి పూలను వరుస మీద వరుసగా చుట్టుకుంటూ పోవాలి. ప్రతి వరుస కింది వరుస కంటే కొంచెం లోపలికి జరగాలి కానీ కేంద్రం మాత్రం కదలకూడదు. ఒకే కేంద్రం, వేర్వేరు వ్యాసార్ధాలు ఉన్న ఇటువంటి వృత్తాలను ఏకకేంద్ర వృత్తాలంటారు. కేంద్రం వేలెడు జరిగినా బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది, పేర్చినవారిని అత్తమ్మలు ఆ సాయంత్రమంతా ఎత్తిపొడుస్తారు. చుట్టుపక్కల బడుల్లో గణితం చెప్పినవారు ఈ పేర్పును పాఠంలోకి తెచ్చి ఉంటే, లెక్కలు ఆడపిల్లలకు రావన్న మాట అంత కాలం చెలామణి అయ్యేది కాదేమో.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పల్లెలో వృత్తం అడుగడుగునా ఉండేదన్నంత మాత్రాన పల్లె బడిలో దాన్ని చేత్తో నేర్పేవారని అనుకోకూడదు. ఎక్కువచోట్ల ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద దారానికి సుద్దముక్క కట్టి వృత్తం గీసి, భాగాల పేర్లు చెప్పి, పిల్లల చేత వల్లె వేయించి ముగించేవాడు. వడ్రంగి కొట్టం బడికి పిలుపు దూరంలో ఉన్నా రెండింటికీ పొత్తు ఉండేది కాదు. చేతి పని కులానికి, నోటి పని బడికి అన్న విభజన దీని వెనక ఉంది. 1937లో వార్ధాలో గాంధీ ముందుకు తెచ్చిన నయీ తాలీం ఈ విభజన మీదనే గురిపెట్టింది కానీ ప్రభుత్వ బడుల్లో పాతుకోలేదు. 1972లో డేవిడ్ హార్స్‌బరో కోలార్ జిల్లాలో నెలకొల్పిన నీల్‌బాగ్, ఆ తర్వాత మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వారి గ్రామీణ బడులు చేసి నేర్చుకునే పద్ధతికి తెలుగు పొలిమేరల్లో మంచి ఉదాహరణలయ్యాయి. ప్రభుత్వ రంగంలో గట్టి ప్రయత్నమంటే బ్రిటిష్ సాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాత రాష్ట్రమంతటా విస్తరించి, 1996 దాకా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఉపాధ్యాయుల నోట ‘అప్పెప్’. చేయడం ద్వారా నేర్చుకోవాలి, స్థానిక పరిసరాలను వాడుకోవాలి, పిల్లల పనిని గోడలకు ప్రదర్శించాలి అన్నవి దాని ఆరు సూత్రాల్లోవి. గాజులతో, గిన్నె మూతలతో గుండ్రాలు గీయించి, కత్తిరించి, మడిచి, మడతలు కలిసే చోటే కేంద్రమని పిల్లల చేత కనిపెట్టించడం ఇటువంటి బోధనకు నమూనా. వృత్తాకారపు కాగితాన్ని రెండుసార్లు మడిస్తే చాలు, వ్యాసాలు రెండూ కేంద్రం దగ్గర ఒకదాన్నొకటి కోసుకుంటాయి.

విచిత్రమేమంటే స్థానిక పరిసరాలను వాడుకోవాలని బడి నేర్చుకుంటున్న ఆ దశాబ్దాల్లోనే పరిసరాల్లోని వృత్తాలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. మొదట పోయినది మోట. కరెంటు మోటార్లు, వాటి వెనకే బోర్లు వచ్చి బావులు ఎండిపోయాయి. ఎద్దుల బంతి స్థానంలో కొన్నాళ్లు ట్రాక్టరే కల్లం చుట్టూ తిరిగింది కనుక వృత్తం మిగిలింది, మేటి పోయింది. తర్వాత కోత మిషన్ చేలోనే గింజ రాల్చడంతో కల్లమే అక్కర్లేకపోయింది, ధాన్యం తారు రోడ్ల మీద పొడుగ్గా ఆరబోతకు చేరింది. ఆకుల చక్రం స్థానంలో టైరు బండి, దాని స్థానంలో ట్రాలీ. కర్ర చక్రాలు ఇప్పుడు రహదారి పక్క హోటళ్ల గోడలకు అలంకారాలు. వేములఘాట్ రైతులు దీక్షా శిబిరంలో కూర్చునే నాటికి వీటిలో చాలా భాగం ముగిసిన కథే. జలాశయం తీసుకుపోయింది మిగిలిన దాన్ని, అంటే గూటం దిగే నేలను.

2013 నాటి భూసేకరణ చట్టం భూమితో పాటు దాని మీది కట్టడాలు, చెట్లు, నిలిచి ఉన్న పంటల విలువ కట్టమంటుంది. పేడతో అలికిన ఒక గుండ్రని నేల వీటిలో దేనికిందికీ రాదు. నిర్వాసితులకు గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లిలో కట్టిన కాలనీలో ఇళ్లు వరుసల్లో ఉన్నాయి, వాటి మధ్య సిమెంటు రోడ్లున్నాయి. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆట ఏ నేల మీదనైనా సాగుతుంది కనుక ఊరితో పాటు తరలిరాగల వృత్తం అదొక్కటే. మిగతా పాఠానికి దారి లేకపోలేదు. ఒక పిల్ల తాడు కొసను మడమ కింద అదిమి నిలబడితే, మరో పిల్ల రెండో కొసకు సుద్దముక్క కట్టి సిమెంటు మీద చుట్టి రావచ్చు. మడమ కదిలితే గీత కొసలు సాధారణంగా కలవవు. ఆ ఎడాన్ని స్కేలుతో కొలిచి, కేంద్రం ఆ వైపు కనీసం ఎంత జరిగిందో ఆరో తరగతి పిల్లలే చెప్పగలరు.